ఒక్క చెంచాతో ఆగిన చేయి

సీలు వేసిన దుకాణాన్ని తెరిపించడానికి ఇన్‌స్పెక్టర్ చెన్నకేశవన్ తానే వచ్చాడు. అది మర్యాద కొద్దీ కాదని గోపికకు తెలుసు. తన కేసులో వేలు పెట్టేవాళ్లను కళ్లెదుట ఉంచుకోవడం అతని అలవాటు. ఇద్దరూ ఒకే ఏడు సబ్‌ఇన్‌స్పెక్టర్లుగా శిక్షణ పొందినవాళ్లు. ఆమె కొన్నాళ్లకే యూనిఫారం వదిలేసి కోయంబత్తూరులో డిటెక్టివ్ ఏజెన్సీ పెట్టుకుంది. అతను ఉద్యోగంలోనే ఉండి మధురైకి బదిలీ అయ్యాడు. పాత చనువూ పాత పోటీ రెండూ ఇంకా అట్లాగే ఉన్నాయి.

“చూసేదానికి ఇంగ ఏముండాది గోపికా?” అన్నాడు, కానిస్టేబుల్ తాళం తీస్తుండగా. “పంచామృతంలో పురుగుమందు ఉండాదని ల్యాబ్ చెప్పింది. అదే మందు డబ్బా మునిసామి తోటలో దొరికింది. మునిసామి లాకప్‌లో ఉండాడు. కేసు ముగిసిపోయింది.”

“ముగిసిపోయిన కేసుకు మీరు పనిగట్టుకొని ఏల వస్తిరి?”

అతను నవ్వీ నవ్వనట్టు పెదవి కదిపి, లోపలికి దారి ఇచ్చాడు.

దుకాణం శివరామన్ నాయుడిది. తాత నాటి నుంచీ సిరుమలై కొండ అరటిపండ్లు అమ్మే కుటుంబం. ప్రతి నెలా కృత్తిక నక్షత్రం నాడు ఇంట్లో పంచామృతం చేసి, దుకాణానికి వచ్చినవాళ్లకు దొన్నెల్లో పెట్టడం వాళ్ల ఆనవాయితీ. మొన్న సోమవారం కృత్తిక. పొద్దున్నే ఇంటినుంచి పంచామృతం వచ్చింది. పంచడం మొదలుపెట్టకముందే శివరామన్ ఒక చెంచా నోట్లో వేసుకున్నాడు. కాసేపటికి కింద పడిపోయాడు. ఇప్పుడు పెద్దాసుపత్రిలో ఉన్నాడు. ప్రాణం నిలిచింది గాని స్పృహ రాలేదు. ఆ పొద్దున గెలలు దించడానికి వచ్చిన కొండ రైతు మునిసామి మీద పోలీసుల అనుమానం పడింది. శివరామన్ పూజ చేసుకుంటున్నంతసేపూ పంచామృతం డబ్బా దగ్గర ఉన్నది అతనొక్కడే. పైగా ముందురోజే ఇద్దరికీ గెలల విషయంలో మాటా మాటా పెరిగింది.

“మునిసామి అట్లాంటి పని చేసేవాడు కాదు” అని గట్టిగా నమ్మిన మనిషి ఒక్కతే. శివరామన్ భార్య కల్యాణసుందరి. గోపికను పిలిపించింది ఆవిడే.

గోపిక గుమ్మంలోనే నిలబడి ఒకసారి చుట్టూ చూసింది. పైనుంచి గెలలు వేలాడుతున్నాయి. తొక్కల మీద నల్లమచ్చలు, సన్నటి ముడతలు. బల్ల మీద దొన్నెల దొంతర కట్టు విప్పకుండా ఉంది. దాని పక్కన స్టీలు డబ్బా, ఒక చెంచా, నీళ్ల చెంబు.

“డబ్బాను ఇక్కడే వదిలేస్తిరా?”

“కావాల్సినంత ల్యాబ్‌కు పంపిస్తిమి. మిగిలింది సీలు లోపలే ఉండాది, బయట కాపలా ఉండాది. ఇంగేం కావాల?”

“మూత మీవాళ్లు పెట్టినారా?”

“లేదు. మేము వచ్చేసరికే పెట్టి ఉండినది. ఫోటోలో చూడు.” అతను ఫోను చాచాడు. ఫోటోలో కూడా మూత బిగించే ఉంది. డబ్బా బల్ల చివరికి నెట్టి ఉంది.

గోపిక వంగి చెంబులోకి చూసింది. నీళ్లు అంచుదాకా ఉన్నాయి.

“కేశవన్, విషం తలకెక్కినవాడు మూత బిగించి డబ్బా పక్కకు నెట్టడు. అంటే కళ్లు తిరగకముందే ఆయన తినడం ఆపేసినాడు. ఏల ఆపినాడు?”

“చేదు తగిలింటాది.”

“చేదు తగిలితే ఉమ్ముతాడు. నోరు కడుక్కుంటాడు. చెంబు ముట్టనే లేదు. నేల మీద ఉమ్మిన గుర్తు లేదు. ఆయన మింగినాడు, ఆలోచించినాడు, మూత పెట్టినాడు.”

“ఆలోచించి పెండ్లానికి ఫోను చేసినాడు,” అన్నాడు చెన్నకేశవన్, తన చేతిలోని గట్టి ముక్కను బయటపెడుతున్నవాడిలా. “ఆమే చెప్పింది. ‘ఇదేం పండే?’ అని అడిగినాడంట. అంతే, ఫోను చేయి జారింది. పండులో ఏదో ఉండాదని ఆయనకే తెలిసిపోయింది. పండు తెచ్చింది ఎవరు? మునిసామి.”

గోపిక జేబులోంచి చేతి తొడుగులు తీసి వేసుకుంది. మూత మెల్లగా ఎత్తింది. యాలకుల వాసన, దాని వెనకే ముక్కును గీరే ఇంకేదో ఘాటు. ఆమె చూపు ఆ ఘాటు మీద నిలవలేదు. పంచామృతం పైన నీళ్లు తేలి ఉన్నాయి. అడుగున జిగురు జిగురుగా ముద్ద కూర్చుంది. చెంచాతో కదిపితే ముద్ద జారిపోయింది గాని నిలబడలేదు.

ఆమె పుట్టిల్లు పళని కొండ కింద. ఏటా ఇంట్లో పంచామృతం పిసికిన చేతులు ఆమెవి. చెంచాతో ముద్దను ఇంకోసారి కదిపి చూసింది. తర్వాత మూత పెట్టేసి, తొడుగులు విప్పి, గెలల దగ్గరికి నడిచింది.

“ఈ గెలలను టెస్టుకు పంపినారా?”

“పంపినాము. రిపోర్టు రాలేదు.”

“సోమవారం పొద్దున ఇదే గెలలోనుంచి పండ్లు కొనుక్కొని పోయినవాళ్లు ఈ వీధిలో ఎంతమంది?”

“శానామంది.”

“వాళ్లలో ఎవరికైనా కడుపునొప్పి?”

అతను తల అడ్డంగా ఊపాడు. ఆమె ఒక పండు తుంచి తొక్క ఒలిచింది. అతను గబుక్కున చేయి చాచాడు గాని అప్పటికే ఆమె కొరికేసింది. చిన్నపండు. పైకి వడలిపోయినట్టున్నా లోపల గట్టిగా, పొడిగా ఉంది. ముందు తీపి, ఆ తీపి వెనకనుంచి సన్నని పులుపు, అంతా అయిపోయాక నాలుక మీద తేనె వాసన.

“నీకు పిచ్చి,” అన్నాడు చెన్నకేశవన్.

“మీరూ ఒకటి తినండి.”

“నా ఇంట్లో నిత్యవనం సూపర్‌మార్కెట్ పండే. ఏ తోటది, ఏ దినం కోసినారు, అన్నీ అట్టపెట్టె మీద రాసి ఉంటాయి. కడిగి, చల్లగా పెట్టి ఇస్తారు. ఒక్క మచ్చ ఉండదు. దీన్ని చూడు. రేపు నా బిడ్డకు ఏదన్నా అయితే జవాబు చెప్పేవాడు ఎవడు?”

“జవాబు చెప్పేవాడు వెనక వీధిలోనే కాపురం ఉండాడు. ఆయన ఇంటికి పోయి అడగొచ్చు. నిత్యవనంలో మీరు ఎవరింటికి పోతారు?”

“మాటలకేం. ఆయన ఇంటి పంచామృతమే ఆయన్ను పడేసింది.”

“అదే నాకు అనుమానం,” అంది గోపిక. “ఇది ఆయన ఇంటి పంచామృతమేనా అని.”

*

కల్యాణసుందరి ఆస్పత్రికి పోవడానికి సిద్ధంగా ఉంది. గోపికనూ, వెనకే వచ్చిన ఇన్‌స్పెక్టర్‌నూ చూసి, చేతిలోని సంచి కింద పెట్టి కూర్చుంది. ఏడ్చి ఏడ్చి అలసిన ముఖం, కానీ గొంతు నిలకడగా ఉంది.

“అమ్మా, కృత్తిక నాడు చేసిన పంచామృతం ఇంట్లో ఏమన్నా మిగిలిందా?”

“పూజగదిలో గిన్నె ఉండాది. ఎవరం ముట్టుకుంటాము? మొన్నటినుంచి అట్లే ఉండాది.”

“ఫ్రిజ్‌లో పెట్టలేదా?”

“దానికి ఫ్రిజ్ ఏల?” ఆవిడ నిజంగానే ఆశ్చర్యపోయింది. “కొండపండుతో చేసిన పంచామృతం వారమైనా చెడదు కదమ్మా.”

గిన్నె తెప్పించారు. గోపిక మూత తీసి ఇన్‌స్పెక్టర్ ముందుకు జరిపింది. ముదురు బెల్లం రంగులో గట్టిగా మెరుస్తూ ఉంది. చెంచా గుచ్చి వదిలితే నిలబడే ఉంది. ఒక్క నీటిచుక్క లేదు.

“రెండూ ఒకే దినం చేసినవే కదా కేశవన్? రెండూ బయటే ఉండినవి. అక్కడ నీళ్లు తేలినాయి, ఇక్కడ తేలలేదు. కొండ అరటిలో నీరు తక్కువ. బెల్లం పట్టుకొని కూర్చుంటుంది. సూపర్‌మార్కెట్‌లో పొడుగ్గా, పచ్చగా ఉండే పండు వేస్తే ఒక్క దినానికే నీరు వదిలి జారిపోతుంది. మీ డబ్బాలో ఉండేది ఆ పండు.”

చెన్నకేశవన్ గిన్నె వంక చూశాడు. తర్వాత కల్యాణసుందరి వంక.

“నేను ఆ పండు ఇంటికి తెచ్చింది లేదు,” అంది ఆవిడ, అడక్కముందే. “ఆయన గుమ్మం దాటనివ్వరు.”

“ఆయన ఫోనులో ‘ఇదేం పండే’ అన్నప్పుడు మీకు ఏమనిపించిందమ్మా? గొంతు ఎట్లుండింది? భయపడినట్టా?”

“భయం లేదు. కోపం. సాంబారులో ఉప్పు తప్పితే అడుగుతారే, అట్ల. నేను పరిహాసం అనుకొంటిని. ‘మీ పండే, ఇంగెవరి పండు’ అంటిని. అంతే, అవతల ఏదో పడిన చప్పుడు.”

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. గోపిక ఆగి, తర్వాత ఇన్‌స్పెక్టర్ వైపు తిరిగింది.

“ఆయన విషం గురించి అడగలేదు. రుచి గురించి అడిగినాడు. ఒక్క చెంచాకే ఇది తన పండు కాదని తెలిసిపోయింది. ఈ పంచామృతం జనానికి పెట్టేది కాదని మూత పెట్టేసినాడు. డాక్టరు ఏమన్నారు? ఇంకో రెండు చెంచాలు లోపలికి పోయింటే మనిషి దక్కేవాడు కాదు అనే కదా? ఆయన్ను బతికించింది ఆయన నాలుకే. వీధిలో ఇంగెవరూ పడిపోకుండా కాపాడింది కూడా అదే.”

చెన్నకేశవన్ టోపీ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. అతనికి ఒప్పుకోవడం ఇష్టం లేనప్పుడు చేసే పని అది.

“సరి. ఆ మందు ప్రతి తోటలోనూ ఉండేదే. మునిసామి మందు కలపొచ్చు గాని, పంచామృతమే మార్చేంత సావకాశం వాడికి లేదు. డబ్బా ఆమెదే, లోపలిది ఆమెది కాదు. దోవలో మారింది. అమ్మా, డబ్బాను అంగడికి ఎవరు తీసుకపోయినారు?”

కల్యాణసుందరి కింద పెట్టిన సంచిని ఒళ్లోకి తీసుకుంది.

“ముకుంద్,” అంది చివరికి. “మా ఆడబిడ్డ కొడుకు. తిరుమంగళంలో నిత్యవనం గోడౌన్‌లో పండ్లు కొనే మేనేజరు. ఆ ఉద్యోగంలో చేరినప్పటినుంచి మామా అల్లుళ్లకు మాటలు లేవు. ఆ దినం ఈ పక్కగా పోతా ‘నేను ఇచ్చేసి పోతాను అత్తా’ అన్నాడు. ఇట్లన్నా కలుస్తారని నేనే ఇస్తిని.” ఆవిడ గోపిక చేయి పట్టుకుంది. “వాడు నా చేతి అన్నం తిని పెరిగినాడు. వాడు కాదు.”

ఈ మాటను ఆవిడ మునిసామి గురించి కూడా అన్నది. గోపిక ఆ చేయిని వెంటనే వదిలించుకోలేకపోయింది.

*

తిరుమంగళం గోడౌన్‌లో ముకుంద్ గది అద్దాల గది. బయట పండ్ల పెట్టెలు కప్పుదాకా పేర్చి ఉన్నాయి. ఒక్క పండు మీదా మచ్చ లేదు, ఏ వాసనా లేదు. ముప్పై ఏళ్లు దాటని ముకుంద్ రెండు రోజులుగా నిద్ర లేనట్టున్నాడు. ఇన్‌స్పెక్టర్‌ను చూడగానే లేచి నిలబడ్డాడు.

“కూర్చో ముకుంద్,” అంది గోపిక. “మీ అత్త ఇచ్చిన పంచామృతం ఏం చేస్తివి?”

అతను అబద్ధం వెతుక్కున్నాడు. దొరకలేదు కాబోలు, తల దించుకున్నాడు.

“తినేస్తిని మేడమ్.”

“అంతా?”

“నా టిఫిన్ డబ్బాలోకి వంచుకొంటిని. అత్త డబ్బాలో మా పండుతో చేసిన వేరేది నింపి, మామ అంగట్లో పెట్టేసి, కార్లో కూర్చొని తింటిని.”

“ఏల?”

“మామ ఎప్పుడూ నన్ను ఒకటే మాట అంటారు. నువ్వు అమ్మేది పండు కాదురా, పండు బొమ్మ అని. నలుగురిలో అంటారు. రుచి, వాసన, అంతా ఆయన గర్వమే గాని తేడా ఏమీ లేదని చూపించాలనుకొంటిని. ఆయన మా పండు తిని, బాగుండాదని పదిమందికీ పెట్టినాక చెప్పాలని.” ముకుంద్ బయటి పెట్టెల వంక చూశాడు. “నేను కార్లో అత్త పంచామృతం తినేటప్పుడే నాకు తెలిసిపోయింది మేడమ్, ఆయనకు తేడా తెలిసిపోతుందని. అప్పటికే డబ్బా ఇచ్చేసి ఉంటిని.”

“ఆయన పడిపోయినారని తెలిసినాక ఏల నోరు విప్పలేదు?” చెన్నకేశవన్ గొంతు కఠినంగా ఉంది. “ఒక మనిషి నా లాకప్‌లో కూర్చొని ఉండాడు.”

“భయపడితిని సార్. మా పండ్ల మీద కొట్టే మందే అందులో ఉండిందేమో అనుకొంటిని. బయట తెలిస్తే ఇదంతా మూతపడుతుంది. ఎన్ని కుటుంబాలు...”

“పండు తొక్క మీది మందు ఒక్క చెంచాతో మనిషిని పడేయదు ముకుంద్,” అంది గోపిక. “అది కావాలని పోసిన మందు. నువ్వు నింపిన పంచామృతం యాడిది? అంగట్లో కొంటివా?”

“లేదు. మా ఓనరు రఘురామన్ సార్ ఇచ్చినారు. వాళ్లింట్లో చేసినారంట, ఒక ప్లాస్టిక్ డబ్బాలో. ఇంగా నా కార్లోనే ఉండాది, అడుగున కొంచెం మిగిలింది.”

చెన్నకేశవన్ కానిస్టేబుల్‌ను కారు దగ్గరికి పంపాడు. గోపిక కుర్చీ ముందుకు లాక్కుంది.

“ఇచ్చేటప్పుడు ఆయన ఏమన్నారు? సరిగ్గా గుర్తు తెచ్చుకో.”

“నీకోసమే చేయించినాను, ఎవరికీ పెట్టొద్దు, నువ్వే తిను అన్నారు.”

మాట పూర్తయ్యాక అది తన చెవికే వినిపించినట్టు ముకుంద్ ఆగిపోయాడు.

“ఆ డబ్బా మీ మామకు రాలేదు,” అంది గోపిక నెమ్మదిగా. “నీకు వచ్చింది. నువ్వు ఏం చూస్తివి ముకుంద్? ఆయన నిన్ను చంపించాలనుకునేంతగా?”

అతను చెప్పాడు. పోయిన నెల వళ్లి అనే కూలిమనిషి ఇక్కడే చనిపోయింది. పచ్చికాయలను మూసిన చల్లగదిలో పెట్టి గ్యాసుతో మగ్గబెడతారు. ఆ గ్యాసు బయటికి పోకముందే గదిలోకి పోతే ఊపిరాడదు. దొంగతనంగా తెప్పించిన ఏదో పొడి కలిపిన నీళ్లలో పండ్లు ముంచమంటే వళ్లి చేయనన్నది, బయట చెప్తానన్నది. మర్నాడే రెండో గదిలో శవమై కనిపించింది. తలుపు దానంతట అదే పడిందని, ఆ రోజు తాను గోడౌన్ పక్కకే రాలేదని రఘురామన్ పోలీసులతో చెప్పాడు.

“కానీ ఆయన కారు వెనక గేటు దగ్గర నేను చూస్తిని,” అన్నాడు ముకుంద్. “కృత్తికకు ముందు ఆయన దగ్గరికే పోయి చెప్తిని. మనసులో పెట్టుకోలేకుండా ఉండాను, పోలీసులకు చెప్పేస్తాను అంటిని. ఆయన కోపం చేయలేదు. భుజం తట్టి, సరి, నీ ఇష్టం అన్నారు. రెండు దినాలకు పంచామృతం ఇచ్చినారు.”

చెన్నకేశవన్ బయటికి నడిచి ఫోనులో ఎవరితోనో మాట్లాడాడు. అద్దం ఇవతలికి ఒక్క ముక్క వినిపించింది. “మునిసామిని పంపించేయండి. ఆఁ, ఇప్పుడే. బండిలో కొండదాకా దింపి రండి.” తిరిగి వచ్చి గోపిక పక్కన నిలబడ్డాడు. అభినందించలేదు, ఆమె ఎదురుచూడనూ లేదు.

“డబ్బాలో మందు ఉన్నా సరిపోదు,” అన్నాడు తక్కువ గొంతుతో. “నేను ఇచ్చింది మంచిదే, ముకుందే కలిపినాడు అంటాడు రఘురామన్. వళ్లి విషయంలో కారు మాత్రమే ఉండాది. నాలుగు నిమిషాల్లో బెయిలు.”

“తెలుసు,” అంది గోపిక.

బల్ల మీద ముకుంద్ ఫోను మోగింది. తెర మీద రఘురామన్ పేరు. ముకుంద్ చేయి వెనక్కి పోయింది. గోపిక తనే ఫోను దగ్గరికి జరిపి, స్పీకర్ నొక్కి, మాట్లాడమన్నట్టు కళ్లతో సైగ చేసింది.

“ముకుందా, యాడ ఉండావు?” పెద్దమనిషి గొంతు, తీరిగ్గా, ప్రేమగా ఉంది.

“ఆఫీసులో సార్.”

“రెండో గదిలో పండ్లు సరిగ్గా మగ్గలేదంటుండారు. నువ్వే ఒకసారి చూసి చెప్పు. పనివాళ్లను అన్నానికి పంపిస్తిని.”

చెన్నకేశవన్ ముకుంద్ వీపు మీద చేయి వేసి, సరే అనమని తల ఊపాడు.

“సరి సార్. గ్యాసు పోయేదాకా కొంచెంసేపు తలుపు తెరిచి పెట్టి, తర్వాత పోతాను.”

“వద్దు వద్దు,” అంది ఆ గొంతు, అంతే ప్రేమగా. “తెరిచి పెడితే చల్లదనం పోతాది. నువ్వు లోపలికి పో. తలుపు నేను వేస్తాను.”